ఏ రోజు, ఎన్ని గంటలకు? – సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కార్యదర్శిగా ఏటా ఈ నివేదిక రాసేది నేనే. ఈసారి రాయడానికి కూర్చుంటే కాస్త ఇబ్బందిగా అనిపించింది. ఏడాదిలో సగానికి పైగా నేను సంఘం పని చేసింది లేదు, సంఘమే నా పని చేసింది. కుడి రొమ్ములో గడ్డ, అది క్యాన్సరని తేల్చిన బయాప్సీ, కీమో, ఆపరేషన్, రేడియేషన్ - అన్నీ మీకు తెలిసినవే. అందుకని దీన్ని సాయం అందుకున్న మనిషి చెప్పే లెక్కగా చదవండి.

మామూలు విషయాలు ముందే ముగిస్తాను. నెలవారీ సమావేశాలు రెండు తప్ప అన్నీ జరిగాయి. ఎన్నికలు ఏకగ్రీవం. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. మినిట్స్ పుస్తకంలో మూడు నెలల రాత వేరుగా కనిపిస్తుంది. వారం వారం కీమో ఎక్కించుకున్న రోజుల్లో వేళ్లు తిమ్మిరెక్కి నేను పెన్ను పట్టలేకపోయాను, జాకెట్టు హుక్కులే పెట్టుకోలేకపోయాను. ఆ రాత ఉపకార్యదర్శిది.

ఇక అసలు సంగతి. రిపోర్టు వచ్చిన వారంలో ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ "ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడగండి" అన్నారు. మనసారా అన్న మాటే, అనుమానం లేదు. కానీ నేను ఎవరినీ ఏమీ అడగలేదు. అడగాలంటే ఏం కావాలో ముందు నాకు తెలియాలి, ఎవరికి వీలవుతుందో ఆలోచించాలి, కాదంటే నొచ్చుకోకుండా ఉండాలి. అంత ఓపిక అప్పుడు లేదు. మన సంఘంలోని ఒక పెద్దాయన మాత్రం గీతలు గీసిన నోటుబుక్కుతో వచ్చి కూర్చున్నారు. "కీమో ఏ రోజమ్మా? ఎన్ని గంటలకు బయల్దేరాలి? వచ్చాక ఇంట్లో ఎవరుంటారు?" అని అడిగి రాసుకుని వెళ్లిపోయారు. ధైర్యం చెప్పలేదు. రెండో రోజుకల్లా ఏ తేదీకి ఎవరు కారు తెస్తారో, ఎవరు ఆస్పత్రిలో కూర్చుంటారో ఆ గళ్లలో పేర్లు నిండాయి. ఈ ఏడాది మరో ఇద్దరు సభ్యులకు కూడా ఆ పుస్తకమే ఆధారమైంది.

కీమోకి ఒక లయ ఉంటుందని ఆ పుస్తకమే మాకు నేర్పింది. నా మొదటి 4 విడతలు 3 వారాలకొకటి, తర్వాత 12 వారాలు వారానికొకటి. మందు ఎక్కించిన రోజు పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఆ తర్వాత రెండు మూడు రోజులు వికారం, లేవలేనంత నీరసం. రెండో వారానికి మనిషి తేరుకున్నట్టు కనిపిస్తుంది. తెల్లరక్తకణాలు బాగా పడిపోయేది సరిగ్గా అప్పుడే.

ఇక్కడే మనం ఒక తప్పు చేశాం, దాన్ని నివేదికలో దాచడం నాకిష్టం లేదు. నేను తేరుకున్నానని విని పదో రోజున పదిమంది కలిసి పలకరించడానికి వచ్చారు. ఒకరికి రొంప. నాకూ మనుషుల్ని చూస్తే ప్రాణం లేచొచ్చింది, వద్దనలేదు. రెండు రోజులకు అర్ధరాత్రి జ్వరం 100.4 డిగ్రీలు చూపించింది. కీమోలో ఉన్నవాళ్లకు ఆ అంకె వస్తే జ్వరం బిళ్ల వేసుకుని తెల్లారేదాకా చూడకూడదు, వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయాలి. పక్కింటి సభ్యుడు లేచి కారు తీశాడు, నరంలోకి యాంటీబయాటిక్స్ ఎక్కించారు, బయటపడ్డాను. ఆ రొంప వల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు, చాలాసార్లు మన ఒంట్లో ఉండే సూక్ష్మజీవులే కారణమవుతాయి. అయినా అప్పటినుంచి రెండో వారం పలకరింపులు ఫోన్లోనే అని పుస్తకం అట్ట మీద ఎర్ర ఇంకుతో రాశాం.

ఎర్ర అంటే గుర్తొచ్చింది. మొదటి విడతల్లో ఇచ్చే డాక్సోరూబిసిన్ ఎర్రగా ఉంటుంది, ఆ రోజు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. ఏళ్ల కిందట ఇదే చికిత్స అయిన సభ్యురాలు ముందురోజే చెప్పకపోతే, రక్తమనుకుని నేను బాత్రూంలోనే కూలబడేదాన్ని. జుట్టు రెండు మూడు వారాల్లో పిడికిళ్లతో వస్తుందని, అంతదాకా ఆగకుండా తీయించేసుకోమని చెప్పింది కూడా ఆవిడే. దారి నడిచినవాళ్లు చెప్పడంలో ఉన్న తేడా ఇది. 1952లో టెరీస్ లాసర్ అనే అమెరికన్ మహిళ తన ఆపరేషన్ తర్వాత, చెయ్యి ఎలా కదపాలి, ఏం తొడుక్కోవాలి అని చెప్పే దిక్కు లేక, తనలాంటివాళ్ల దగ్గరికి తానే వెళ్లడం మొదలుపెట్టింది. ఈ జబ్బు దాటినవాళ్లే కొత్తవాళ్లకు తోడుండే 'రీచ్ టు రికవరీ' కార్యక్రమం అలా పుట్టింది. మనం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

కార్యవర్గంలో ఒక వాదన జరిగింది. "తోడుంటే ఆయుష్షు పెరుగుతుంది" అని కరపత్రం వేద్దామని ఒకరి ప్రతిపాదన. 1989లో డేవిడ్ స్పీగల్ అనే అమెరికన్ మానసిక వైద్యుడి బృందం లాన్సెట్ వైద్య పత్రికలో అలాంటి ఫలితమే ప్రచురించిన మాట నిజం. 2001లో మరో పెద్ద అధ్యయనంలో మాత్రం ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు. నొప్పి, మానసిక వేదన తగ్గాయని మాత్రం తేలింది. నేను ఆ వాక్యానికి అడ్డుపడ్డాను. అలా రాస్తే, రేపు ఎవరైనా దక్కకపోతే వాళ్లకు తోడు చాల్లేదనో, ధైర్యం చాల్లేదనో అర్థం వస్తుంది. జబ్బు ఎముకలకు పాకిన సభ్యురాలు ఒకరు అదే సమావేశంలో ఉన్నారు. "నన్ను యోధురాలు అనకండి, మందులు వేసుకుంటున్నాను, అంతే" అన్నారావిడ. కరపత్రం ఆగిపోయింది.

ఆపరేషన్ తర్వాత డ్రెయిన్ (గాయంలోని ద్రవాన్ని బయటికి తీసే గొట్టం) సంచీల్లో చేరిన ద్రవాన్ని రోజుకు రెండుసార్లు కొలిచి రాయాలి. రోజుకు 30 మిల్లీలీటర్ల లోపుకు దిగాక తీసేశారు. ఆ లెక్క రాసింది మావారు. వచ్చినవాళ్లంతా "ఆవిడెలా ఉన్నారు?" అని ఆయన్ని అడిగి వెళ్లేవారు. ఒక్క సభ్యుడు మాత్రం సాయంత్రాలు ఆయన్ని నడకకు లాక్కెళ్లేవాడు. ఏం మాట్లాడుకునేవారో నేను అడగలేదు.

అవగాహన సమావేశంలో మగవాళ్లంతా బయట కబుర్లు చెప్పుకుంటూ నిలబడ్డారు. ఈ జబ్బు మగవాళ్లకూ వస్తుంది, మొత్తం కేసుల్లో దాదాపు 1 శాతం. వచ్చేసారి లోపల కూర్చోండి.

రేడియేషన్ వారానికి 5 రోజుల చొప్పున 3 వారాలు. బల్ల మీద ఉండేది కొద్ది నిమిషాలే, బయట కాచుకోవడమే ఎక్కువ. నోటుబుక్కులో ఖాళీ గళ్లు మొదలైంది అప్పుడే. ఆఖరి రోజున అందరూ అభినందించారు, పుస్తకం మూసేశాం. ఈ ఏడాది పెద్ద లోటు అదే. హార్మోన్ బిళ్లలు కనీసం 5 ఏళ్లు వేసుకోవాలి, కీళ్లు పట్టేస్తాయి, ప్రతి చెకప్ ముందు వారం రోజులు టెన్షన్‌తో నిద్ర ఉండదు. బయటికి బాగానే కనిపిస్తాం కాబట్టి ఎవరూ అడగరు.

అందుకని చికిత్స ముగిశాక ఏడాది పాటు పుస్తకం తెరిచే ఉంచాలని, తోడున్న ఇంటివాళ్లకు కూడా ఒక గడి గీయాలని కార్యవర్గం తీర్మానించింది. మీ ఆమోదం కావాలి. పుస్తకం గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది. వచ్చే నెలలో మంగళవారం ఉదయాలు రెండు ఖాళీగా ఉన్నాయి. పేరు పక్కన టైం కూడా రాయండి.

– కార్యదర్శి