గోడ మీద బొమ్మ వేయించే ముందు ఇది చదువు

ఒరేయ్ మూడో జ్ఞానీ,

వందనాలురా. జవాబు ఆలస్యమైనందుకు తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో, నీకు ఆ హక్కుంది. తీరిగ్గా రాద్దామని ఆగితే ఆ తీరిక రానేలేదు. ఇక్కడ అందరం కులాసా. పెద్దదానికి బడి తెరిచారు, చిన్నాడికి జలుబు. అమ్మని మోకాలి డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకెళ్లావటగా, ఫోన్లో చెప్పి మురిసిపోయింది. ఇంతే కబుర్లు. ఇక అసలు సంగతి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

గుడి కొత్త గోడ మీద యేసు ప్రభువు బొమ్మ గురించి కమిటీలో గొడవ అవుతోందని రాశావు కదా. క్యాలెండర్లో ఉన్నట్టు ఎర్రగా, నీలికళ్లతో ఉండాలని పెద్దలు, చామనఛాయలో ఉండాలని కుర్రాళ్లు. నన్నేమంటావని అడిగావు. అడిగినప్పుడు నా దగ్గర సరైన మాట లేదు. ఇప్పుడుంది. మొన్న బర్మింగ్‌హామ్ వెళ్లొచ్చానురా. ఇంగ్లండులోది కాదు, అలబామాలోది. అట్లాంటా నుంచి కారులో రెండున్నర గంటలు.

అక్కడ పదహారో వీధి బాప్టిస్టు గుడి ఉంది, నల్లవాళ్లది. 1963 సెప్టెంబరు 15, ఆదివారం. యువజనుల ఆదివారం కూడానట. ఉదయం 10:22కి, గుడి మెట్ల కింద కూ క్లక్స్ క్లాన్ వాళ్లు, అంటే నల్లవాళ్లంటే పడని తెల్లవాళ్ల ముఠా, పెట్టిన డైనమైట్ పేలింది. కింది అంతస్తులో ఆరాధనకి ముస్తాబవుతున్న నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ఆడీ మే కాలిన్స్, సింథియా వెస్లీ, కెరోల్ రాబర్ట్‌సన్, ముగ్గురికీ 14 ఏళ్లు. డెనీస్ మెక్‌నేర్‌కి 11. ఆ రోజు సండే స్కూలు పాఠం పేరు ‘క్షమించే ప్రేమ’. మా పెద్దదానిది డెనీస్ ఈడే. ఆ ఫొటోల ముందు అది నా చెయ్యి పట్టుకుని నిలబడింది. ఈ ముక్క ఇంతకంటే రాయలేను.

ఆ పేలుడుకి ఒక రంగుటద్దాల కిటికీలో ప్రభువు బొమ్మ చాలావరకు మిగిలింది గానీ ముఖం మాత్రం ఎగిరిపోయింది. ముఖమొక్కటే! తెల్లటి ముఖం. జేమ్స్ బాల్డ్విన్ అని నల్లవాళ్ల పెద్ద రచయిత, ఆ ముఖం లేకపోవడమే ఒక మేలు అన్నాడు, పాలరాతి క్రీస్తు మమ్మల్ని ఇన్నాళ్లూ బాధపెట్టాడు అని. అది చదివి నేను అదిరిపోయాను. చిన్నప్పటి నుంచి దండం పెట్టుకున్న బొమ్మ గురించి ఎవరైనా అలా అనగా వినలేదు నేను.

అంతకు ఆరేళ్ల ముందు, 1957లో, ‘ఎబొనీ’ అనే నల్లవాళ్ల పత్రికలో ఎవరో, నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్‌ని అడిగారట, లోకంలో ఎక్కువ మంది తెల్లవాళ్లు కానప్పుడు దేవుడు యేసుని తెల్లవాడిగా ఎందుకు చేశాడని. చర్మం రంగుకి ఏమంత విలువ లేదన్నాడాయన. చూశావా, అంతటి మనిషి కూడా యేసు తెల్లవాడనే మాటని ఎదురు ప్రశ్నించకుండా జవాబు చెప్పాడు. ఆ పిల్లల్లో ముగ్గురి భూస్థాపనలో ప్రసంగించింది ఆయనే. ఆ పెట్టెల ముందు నిలబడ్డాక ఆయనకి ఆ జవాబు గుర్తొచ్చిందా అని... సరేలే.

ఇప్పుడు అసలైనది విను. ఈ పేలుడు వార్త సముద్రం అవతల, బ్రిటన్‌లోని వేల్స్‌లో జాన్ పెట్స్ అనే చిత్రకారుడు రేడియోలో విన్నాడు. పిల్లల తండ్రిగా ఊరుకోలేక, కార్డిఫ్‌లో ‘వెస్టర్న్ మెయిల్’ పత్రిక సంపాదకుడు డేవిడ్ కోల్‌కి ఫోన్ చేశాడు, ఆ గుడికి ఒక కిటికీ చేసిద్దామని. కోల్ చందాకి ఒక షరతు పెట్టాడు: ఎవరూ అరక్రౌను, అంటే రెండున్నర షిల్లింగులు, మించి ఇవ్వకూడదు. ఏ డబ్బున్నవాడో ఒక్కడే కట్టేసి పేరు కొట్టెయ్యకూడదని. మన గుడి సున్నానికి ఇంటికో గిద్దెడు బియ్యం ఎత్తిన రోజులు గుర్తొచ్చాయిరా. బడి పిల్లలు కూడా ఇచ్చారట. 1965లో కిటికీ పెట్టారు. అడుగున ‘వేల్స్ ప్రజలు ఇచ్చినది’ అని ఉంటుంది. ఒక్కరి పేరు కూడా లేదు.

గుడిలోకి వెళ్లి వెనక్కి తిరిగి పైకి చూస్తే కనిపిస్తుంది. నీలాల మధ్య నల్లటి క్రీస్తు. చేతులు రెండూ చాచి, తల ఒరిగిపోయి. కుడిచెయ్యి ద్వేషాన్ని నెట్టేస్తోంది, ఎడమచెయ్యి క్షమిస్తానంటోంది. పేలుడు జరిగిన ఏడాదే అదే ఊళ్లో నల్లవాళ్ల హక్కుల ఊరేగింపుల మీదికి, పిల్లల మీదికి అగ్నిమాపక గొట్టాలతో నీళ్లు కొట్టించారు కదా, ఆ దెబ్బకి వంగిపోయిన మనిషిలా ఉంటాడు. కిటికీ మీద మత్తయి సువార్త 25లో మాట: ‘నాకు చేసితిరి’. మనం కంఠతా పట్టిన వచనమేరా, ‘మిక్కిలి అల్పులైన యీ నా సహోదరులలో ఒకనికి’ అని. తప్పు లేకుండా చెప్పినందుకు బహుమతి కూడా ఇచ్చారు మనకి.

నిజానికి ఆయన రంగేంటి అంటావా? సువార్తల్లో ఎక్కడా లేదు. గలిలయలో పెరిగిన యూదుడు, ఆ ఎండలో తిరిగినవాడు. చీకట్లో పట్టుకోవడానికి వచ్చిన బంట్రోతులకి యూదా ముద్దు పెట్టి మరీ చూపించాల్సి వచ్చిందంటే పక్కనున్న పదకొండుమందిలో కలిసిపోయే మనిషే అయి ఉంటాడు. యెషయాలో ‘అతనికి సురూపమైనను సొగసైనను లేదు’ అనే ఉంది. 2001లో రిచర్డ్ నీవ్ అనే ఆయన, ఆ కాలపు యూదుడి పుర్రె ఆధారంగా బీబీసీకి ఒక ముఖం తయారుచేశాడు: వెడల్పాటి ముఖం, పొట్టి ఉంగరాల జుట్టు, ముదురు చాయ. అది యేసు ముఖం కాదు, ఆ కాలంలో ఆ నేల మీది మగాళ్లు అలా ఉండి ఉంటారని మాత్రమే. మీ ఇంట్లో, మా ఇంట్లో ఉన్న రకం ఎర్రటి క్యాలెండర్ బొమ్మలకి మూలం ఎవరనుకున్నావు? వాటిల్లో చాలావాటికి, 1940లో చికాగోలో వార్నర్ సాల్‌మన్ వేసిన తల బొమ్మ. 50 కోట్ల పైన ప్రతులు పోయాయి లోకమంతా. మీ అమ్మగారికి ఇది మెల్లిగా చెప్పు, కోప్పడుతుంది.

కాబట్టి నేను కుర్రాళ్ల పక్షమే. కానీ ‘మనలా ఉంటే బాగుంటుంది’ అన్నంత మాత్రానికి కాదు. ఆ కిటికీ చేసినవాడు యేసు రంగు తేల్చడానికి కూర్చోలేదు. ఆ ఊళ్లో దెబ్బ ఎవరికి తగిలిందో ఆయన్ని వాళ్లలో నిలబెట్టాడు. మన ఊళ్లో నలుపంటే ఏమిటో, ఏ పేటవాడని దాని అర్థమో, నీకు నేను చెప్పాలా? క్రిస్మస్ నాటకంలో నిన్ను ఏటేటా మూడో జ్ఞానిని చేసి, ఒక్కసారైనా యోసేపుని చెయ్యలేదు. ఆ నాటకం వేయించిన సారు మొహానికి పౌడరు పట్టని పిల్లాడు యోసేపుగా పనికిరాడన్నాడు, నువ్వు నవ్వేశావు. నేను హేరోదు గడ్డం తగిలించుకుని చూస్తూ నిలబడ్డాను. నువ్వు నవ్వడం ఇప్పుడు తలుచుకుంటే కడుపులో తిప్పుతోందిరా.

మన పక్కనే చుండూరు ఉంది. 1991 ఆగస్టు 6. ఎనిమిది మంది దళితుల్ని చంపి, శవాల్ని కాలువలో పడేశారు. ఆ కాలువ గట్టు మీద పెట్స్ లాంటి వాడొచ్చి నిలబడితే ఆయన్ని ఏ రంగులో... వద్దులే, ఇది ఎదురెదురుగా కూర్చుని మాట్లాడాల్సింది.

బొమ్మ వేసేవాణ్ణి ఫ్లెక్సీ చూసి దింపేవాణ్ణి పెట్టకండి. ఖర్చు తక్కువని ఒప్పుకోకు. చందా ఇంటికి ఇంతేనని గీత గీయించు, అమెరికా నుంచి నేనిచ్చేది కూడా అంతే, ఎక్కువ అడగొద్దు, ఎవరి పేరూ రాయించొద్దు. ఆ కిటికీ ఫొటో ఇందులో పెడుతున్నాను, మీటింగులో అందరికీ చూపించు, ముఖ్యంగా...

బండి వచ్చేసింది, షిఫ్టుకి పోవాలి. ఈ ఉత్తరం కమిటీలో చదివి వినిపించు, చుండూరు ముక్క తప్ప. కాదు, అదీ చదువు.