ఎంటర్‌ప్రైజ్ కెప్టెన్ల పట్టికలో ఖాళీలను పూడ్చవద్దు

సంపాదకుడు గారికి,

గత ఆదివారం అనుబంధంలో, ఒక వ్యాసంతో పాటు, స్టార్ ట్రెక్ అనే అమెరికన్ టీవీ, సినిమా కథల్లోని అంతరిక్ష నౌక ఎంటర్‌ప్రైజ్ కెప్టెన్ల పట్టిక వేశారు. రాబర్ట్ ఏప్రిల్ మొదలుకొని పికార్డ్ దాకా, ఒకరు దిగిన ఏడాదే మరొకరు పగ్గాలు అందుకున్నట్టు, ఎక్కడా సందు లేకుండా ఉంది. చూడటానికి ముచ్చటగానే ఉంది. అయితే అభిమానులు దశాబ్దాలుగా ఏ ఖాళీల మీద వాదించుకుంటున్నారో, సరిగ్గా వాటి మీదే మీరు సున్నం వేసేశారు.

మొదటి పేరే చూడండి. కెప్టెన్ ఏప్రిల్ 1964లో స్టార్ ట్రెక్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ రాసుకున్న ప్రతిపాదనలో ఉన్నాడు. చిత్రీకరణ నాటికి ఆ కుర్చీ క్రిస్టఫర్ పైక్‌కు దక్కింది. ఏప్రిల్ తెర మీదికి వచ్చింది 1974లో, అదీ యానిమేషన్ సిరీస్ చివరి ఎపిసోడ్‌లో. ఆ సిరీస్‌ను అసలు కథలో భాగంగా లెక్కించాలా వద్దా అన్నది చాలాకాలం తేలలేదు. కాబట్టి తొలి కెప్టెన్ ఎవరన్నదీ తేలలేదు. 2017లో డిస్కవరీ సిరీస్‌లో ఆయన పేరు, 2022లో స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్‌లో మనిషీ కనిపించాకే ఆ రగడ చల్లారింది. మీ పట్టికలో ఈ గొడవ జాడే లేదు.

అసలు చిక్కు, పైక్ తర్వాత కెప్టెన్ అయిన కర్క్ దిగాక మొదలవుతుంది. ఆయన అయిదేళ్ల యాత్ర కథాకాలం ప్రకారం 2270లో ముగిసిందని 2001 నాటి వాయేజర్ సిరీస్ ఎపిసోడ్ ఒకటి చెప్పింది. 1979 సినిమా మొదలయ్యేసరికి నౌకకు కెప్టెన్ విల్ డెకర్. పద్దెనిమిది నెలలు నౌకను తిరిగి నిర్మించాక, బయలుదేరే ముందు అడ్మిరల్ కర్క్ వచ్చి ఆ పదవి తీసేసుకుంటాడు. రెండున్నరేళ్లుగా మీరు అంతరిక్షంలో ఒక్క గంట కూడా పనిచేయలేదని డెకర్ ఆయన ముఖం మీదే అంటాడు. ఇంత మాట అన్న మనిషి పేరు మీ పట్టికలో లేదు. కెప్టెన్‌గా ఒక్క ప్రయాణమూ చేయనివాడు కెప్టెనా అని కొందరు అడుగుతారు. నా దృష్టిలో కెప్టెనే. నియామకం జరిగింది, బాధ్యత మోశాడు, ఇంకేం కావాలి?

1982 సినిమాకు వచ్చేసరికి అదే నౌకకు కర్క్ పాత సహచరుడు స్పాక్ కెప్టెన్, అందులో ఉన్నది శిక్షణలోని కుర్రాళ్లు. ఈ రెండు సినిమాల మధ్య కాలంలో కర్క్ ఎప్పుడు దిగాడు, స్పాక్ ఎప్పుడు ఎక్కాడు? తెర మీద ఎవరూ చెప్పరు. మీరు మాత్రం ఆ కాలమంతా కర్క్ ఖాతాలో వేసి, 2285 దగ్గర గీత గీశారు. ఆ 2285 ఎలా వచ్చిందో చెబితే మీ పాఠకులు నవ్వుకుంటారు. కర్క్ పుట్టినరోజుకు డాక్టర్ మెకాయ్ ఒక రోములన్ ఏల్ అనే మద్యం సీసా తెస్తాడు. కర్క్ దాని మీది చీటీ చదువుతాడు: 2283. అంటే కథ అంతకు ముందు జరిగి ఉండదు. అదే సినిమాలో ప్రతినాయకుడు ఖాన్, తనను పదిహేనేళ్ల కిందట ఆ గ్రహం మీద వదిలేశారంటాడు. అతన్ని అలా వదిలేసిన పాత ఎపిసోడ్‌ను 2267 కింద లెక్కిస్తే వచ్చేది 2282. సీసాకూ ఖాన్‌కూ పొత్తు కుదరలేదు. మీరు వేసిన 2285 తెర మీద ఎవరూ చెప్పింది కాదు, ఇలాంటి ఆధారాల మీద తర్వాత లెక్కగట్టిన అంచనా.

1984 సినిమాలో ఇంకో తిరకాసు. ఎంటర్‌ప్రైజ్ వయసు ఇరవై ఏళ్లని అడ్మిరల్ మారో చెబుతాడు. మరి 1966 నాటి ఎపిసోడ్‌లో, పైక్ దగ్గర పదకొండేళ్ల నాలుగు నెలల అయిదు రోజులు పనిచేశానని స్పాక్ చెప్పిన మాట ఏం కావాలి? అదంతా కర్క్ రాకముందు సంగతి కదా. పునర్నిర్మాణం నుంచి లెక్కపెట్టి ఉంటారని కొందరు, అడ్మిరల్ పొరబడ్డాడని కొందరు. రచయిత పాత ఎపిసోడ్ మరిచిపోయాడని నా అనుమానం. ఏమైనా ఈ వాదనలో పాల్గొనేవాళ్లు ఎవరు ఏ సన్నివేశంలో ఏమన్నారో చూపించి మాట్లాడతారు. దీన్ని పనిలేనివాళ్ల కాలక్షేపమని మీ వ్యాసకర్త తేల్చేయడం అన్యాయం.

అదే పేరుతో తర్వాత వచ్చిన నౌకల్లో ఒకటైన ఎంటర్‌ప్రైజ్-డి వరసలో పికార్డ్ ఒక్కడినే వేశారు. పికార్డ్ శత్రుజాతి బోర్గ్‌ల చేతికి చిక్కినప్పుడు ఆయన తర్వాతి అధికారి రైకర్‌ను కెప్టెన్ చేసింది సాక్షాత్తూ అడ్మిరల్ హాన్సన్. ఇక 1992 ఎపిసోడ్‌లో పికార్డ్ స్థానంలో కెప్టెన్‌గా వచ్చిన జెలికో సంగతి. వచ్చీ రాగానే మూడు షిఫ్టులను నాలుగు చేశాడు, పికార్డ్ గదిలోని చేపను బయటికి పంపించేశాడు, చివరికి రైకర్‌ను విధుల నుంచే తప్పించాడు. కొద్దికాలమే అయినా అంత చేసినవాడిని మరిచిపోవడం ఎలా సాధ్యమైందో!

అన్నిటికన్నా పెద్ద ఖాళీ ఎంటర్‌ప్రైజ్-బి. 2293లో హారిమన్ దాన్ని మొదటిసారి బయటికి తీసుకెళ్లాడు. 2344లో రేచల్ గారెట్ ఎంటర్‌ప్రైజ్-సితో పాటు నేలకొరిగింది. ఈ రెంటి మధ్య యాభై ఏళ్లకు పైగా ఉంది. హారిమన్ తర్వాత డెమోరా సులును కెప్టెన్ చేసింది నవలలు. తెర మీద మనం చూసినప్పుడు ఆమె చుక్కాని దగ్గర కూర్చున్న అధికారి, అంతే. మీ పట్టికలో నవలల మాటా తెర మాటా ఒకే అచ్చులో పడ్డాయి.

ప్రతి ఖాళీకీ ఒక కొత్త సిరీస్ తీసి జవాబు చెప్పాలన్న ఆరాటం నిర్మాతలకూ ఉంది. నాకది నచ్చదు. 2023లో పికార్డ్ సిరీస్ మూడో సీజన్‌లో, ఎంటర్‌ప్రైజ్-ఇ మాట రాగానే అందరూ పాత సహచరుడు వర్ఫ్ వైపు చూస్తారు. అది తన తప్పు కాదంటాడు వర్ఫ్. ఏం జరిగిందో చెప్పరు. ఆ ఒక్క మాటకున్న రుచి, పది ఎపిసోడ్ల వివరణకు వస్తుందా?

సవరణ వేసే ఉద్దేశం ఉంటే డెకర్, స్పాక్, రైకర్, జెలికోల పేర్లు చేర్చండి. లెక్కగట్టిన సంవత్సరాల పక్కన ‘అంచనా’ అని రాయండి. డెమోరా సులు పేరు ఉంచదలిస్తే అది నవలల్లోది అని చెప్పండి. లేదంటే హారిమన్ కింది గడిని ఖాళీగా వదిలేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు