ప్లానింగ్ మంత్రి గారికి, హేడ్రియన్ గోడ పక్కింటి నుంచి నాలుగో ఉత్తరం

మంత్రి గారూ, నమస్కారం.

ముందు మూడు ఉత్తరాలు ఇంగ్లీషులోనే, మర్యాదగానే రాశాను. మూడింటికీ ఒకటే జవాబు, తేదీ మాత్రం మారింది. అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నా. మీరు చదవకపోయినా మావాళ్ళయినా చదువుతారు.

ఇంగ్లండు ఉత్తరాన రోమన్లు కట్టిన ఈ గోడ సంగతి, దాని వెంట ఉన్న వల్లం అనే కందకం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. గోడకి దక్షిణంగా రోమన్లు తవ్విన ఆ కందకం ఆరు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతు ఉండేదట. మా పెరట్లో ఇప్పుడు గడ్డి తప్ప ఏమీ కనపడదు గానీ, మ్యాపులో మాత్రం అది మేం బట్టలారేసే తీగ కిందుగా పోతుంది.

మేం అడిగిందేమిటండీ? అమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి, బాత్రూం చూస్తే మేడ మీద. కింద వెనకవైపు చిన్న బాత్రూం ఒకటి కట్టుకుంటామన్నాం, అంతే. దానికి ప్లానింగ్ పర్మిషన్ ఒకటి, పురాతన కట్టడాల 1979 చట్టం కింద ఇంకోటి, రెండోది మీ శాఖ కూడా కాదట, సాంస్కృతిక శాఖదట. నేలలో ఏముందో గొయ్యి తవ్వి చూడాలన్నారు, సరే అన్నాం. ఆ గొయ్యి తవ్వడానికీ అనుమతి కావాలన్నారు! ఖర్చు మాత్రం మాదే. చివరికి ఫిబ్రవరి ముసురులో ఒక అమ్మాయి మోకాళ్ళ కింద స్పాంజి ముక్క వేసుకుని, చిన్న తాపీతో పొరపొరా గీకుతూ రెండు రోజులు కూచుంది. దొరికినవి నీలం పువ్వుల పింగాణీ పెంకులు రెండు, పొగ తాగే మట్టి గొట్టం ముక్క ఒకటి, ఆవు పన్ను ఒకటి. రోమన్లవి ఒక్కటీ లేదు. అమ్మ టీ ఇస్తూ "ఏమైనా దొరికిందా తల్లీ" అని తెలుగులోనే అడిగితే ఆ పిల్లకి ఏం అర్థమైందో గానీ తల అడ్డంగా ఊపింది.

అక్కడితో అయిపోయిందా? లేదు. ఇప్పుడు 'సెట్టింగ్' మీద ఇంకో రిపోర్టు కావాలట, మా బాత్రూం వల్ల గోడ చుట్టూ ఉన్న దృశ్యం చెడుతుందా లేదా అని. గోడ ఇక్కడ నేల మీద లేనే లేదు సార్, ఇంక దేని దృశ్యం?

అదే ఊరి చివర, గోడని కాపాడ్డానికి చుట్టూ గీసిన అదే బఫర్ జోన్‌లో, పొలం పొలమంతా ఇళ్ళు కట్టడానికి మాత్రం ఓకే అయింది. కాగితాలు కూర్చుని చదివాను. హాని ఉందట గానీ గణనీయమైనది కాదట, ప్రజలకి కలిగే మేలు దాన్ని మించుతుందట. మా అమ్మ ప్రజల్లోకి రాదా అండీ? ఈ గోడలాంటి ప్రపంచ వారసత్వ స్థలానికి గణనీయమైన హాని బహు అరుదుగా తప్ప ఒప్పుకోకూడదని మీ జాతీయ విధానంలోనే ఉంది. ఇంకేం, డబ్బు పెట్టి కన్సల్టెంటుని తెచ్చుకోగలిగినవాళ్ళకి ఏ హానీ గణనీయం కాదు. 2021లో యునెస్కో లివర్‌పూల్‌ని ఆ వారసత్వ జాబితాలోంచి కొట్టేసింది, అక్కడేమీ ముసలమ్మలు బాత్రూములు కట్టుకున్నందుకు కాదు.

గోడని గాలికొదిలెయ్యమని అనట్లేదు. మాది గుంటూరు వైపు. అమరావతి స్తూపం రాళ్ళు సున్నానికి కాలిపోగా మిగిలినవాటిలో కొన్నిటిని మీ బ్రిటిష్ మ్యూజియంలోనే చూసొచ్చాం, కాబట్టి పాత రాయి విలువ మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ మాటకొస్తే 1750లలో మిలిటరీ రోడ్డు కోసం మైళ్ళకి మైళ్ళు గోడ పడగొట్టి ఆ రాళ్ళ మీదే రోడ్డు వేసింది సర్కారు కాదూ? రోజూ నేను డ్యూటీకి పోయేది ఆ రోడ్డు మీదే.

రెండు శాఖలూ కలిసి ఒక్క అర్జీ తీసుకోండి. చిన్న ఇళ్ళవాళ్ళకి గొయ్యి ఖర్చులో ఏదైనా సాయం చెయ్యండి. అదీ కుదరదంటే కుదరదని చెప్పండి, ఇల్లు మారే దారి చూసుకుంటాం. ఏదో ఒకటి చెప్పండి సార్, ఈ నాన్చుడుతో తల ప్రాణం తోకకొస్తోంది. అమ్మ ఇప్పటికీ మెట్టు మెట్టుకీ కూర్చుంటూ దిగుతోంది.

మా ఫైలు నంబరు పాత ఉత్తరాల్లో ఉంది. ఫోన్ చేస్తే సాయంత్రం 5 దాటాక చెయ్యండి, పగలు డ్యూటీలో ఎత్తలేను.