హాల్ పనుల్లో ఈ వానకాలం నుంచి మారుతున్నవి

మా కస్టమర్లందరికీ నమస్కారం. దసరాలోపు ఇంట్లో హాల్‌కు సీలింగ్, చెక్కపని చేసిపెట్టమని నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ నుంచి చాలామంది అడుగుతున్నారు. ఫోన్‌లో సగం సగం చెప్పేకంటే అందరికీ ఒకేసారి రాస్తున్నాం. ఇకనుంచి శ్లాబుకు, గోడకు తడి ఉందో లేదో తేలకుండా ఫాల్స్ సీలింగ్ (శ్లాబు కింద ఫ్రేముకు బిగించే బోర్డు సీలింగ్) గానీ, టీవీ యూనిట్ గానీ మొదలుపెట్టం. దీనివల్ల పని కొంత ఆలస్యమవుతుంది, కొందరికి ఖర్చూ పెరుగుతుంది. అది ముందే తెలిస్తే మీకు మంచిది.

మనవైపు శ్లాబులు ఎండాకాలమంతా కాగి, మొదటి వానకు ఒక్కసారిగా చల్లబడతాయి. ఈ సాగడం, ముడుచుకోవడంలో పిట్టగోడ, శ్లాబు కలిసే చోట సన్నని పగుళ్ళు వస్తాయి. నీళ్ళు అక్కడినుంచే దిగుతాయి. కింద జిప్సం సీలింగ్ ఉంటే ఆ తడి వెంటనే కనబడదు. బోర్డు పీల్చుకుంటుంది, బరువెక్కి కిందికి వంగుతుంది, మరక బయటపడేసరికి లోపల బూజు పట్టి ఉంటుంది.

అందుకే ముందు డాబా పరీక్ష. తూములను గుడ్డ చుట్టిన ఇసుక సంచులతో మూసి, రెండు అంగుళాల నీళ్ళు నింపి 48 గంటలు ఉంచాలి. కింద హాల్లో ఫ్యాన్ హుక్కు చుట్టూ, గోడ మూలల్లో, పైపు దిగే చోట చూస్తుండాలి. ఒక జాగ్రత్త: పెచ్చులు ఊడి రాడ్లు బయటపడ్డ శ్లాబు మీద నీళ్ళు నింపొద్దు. రెండు అంగుళాల నీళ్ళంటే చదరపు మీటరుకు 50 కిలోల బరువు. అలాంటి శ్లాబును ముందు ఇంజనీరుకు చూపించాలి.

గోడ సంగతి వేరు. అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ కవరును గోడకు ఆనించి నాలుగు అంచులూ టేపుతో గట్టిగా మూయండి. రెండు రోజుల తర్వాత కవరు లోపలివైపు, అంటే గోడవైపు నీటిబొట్లు కనిపిస్తే తడి గోడలోంచే వస్తున్నట్టు. బయటివైపు ఉంటే అది గదిలోని గాలి చెమ్మ, గాలి ఆడేలా చేస్తే సరిపోతుంది. గోడలో తడి ఉంటే దాంతోపాటు ఉప్పు పైకి వస్తుంది. నీరు ఆవిరై ఉప్పు అక్కడే గడ్డకట్టి పుట్టీని పొక్కిస్తుంది. ఉప్పుశాతం ఎక్కువున్న బోరునీళ్ళతో గిలాబు (ప్లాస్టరింగు) చేసిన ఇండ్లలో ఇది ఇంకా తొందరగా కనబడుతుంది. దానిమీద ఎన్నిసార్లు పుట్టీ పెట్టినా మళ్ళీ పొక్కుతుంది. తడి మరకకు అడుగు పైదాకా గిలాబు ఇటుక కనబడేలా చెక్కేసి, సిమెంటు, ఇసుక 1:4 పాళ్ళలో, సిమెంటు బస్తాకు 200 మిల్లీలీటర్ల వాటర్‌ప్రూఫ్ ద్రవం కలిపి కొత్తగా చేయాలి. పైపు లీకునుంచో, బాత్రూమునుంచో తడి వస్తుంటే ముందు దాన్ని ఆపాలి. కొత్త గిలాబుకు ఏడు రోజులు నీళ్ళు కొట్టి, పుట్టీకి ముందు 28 రోజులు ఆరనివ్వాలి. సుతారి త్వరగా ముగిద్దామన్నా మీరు ఒప్పుకోవద్దు. నిమ్ము గోడను చార్‌కోల్ ప్యానెళ్ళతో (గోడకు అందంకోసం అతికించే పలకలతో) కప్పేయమని మమ్మల్ని అడగొద్దని వేడుకోలు. లోపల బూజు పెరుగుతూనే ఉంటుంది, చెదలకూ చెమ్మ గోడంటే ఇష్టం.

చెదలున్న ఇంట్లో చెక్కపనికి ముందే మందు కొట్టించాలి. గోడ, నేల కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు పెట్టి, ఒక్కోదానికి మందునీళ్ళు ఇక పీల్చనంతవరకూ, గరిష్ఠంగా ఒక లీటరు పోయాలి. చెదలమందు కొట్టేవాళ్ళలో కొందరు ఒక్కో రంధ్రానికి నాలుగు చుక్కలు పోసి వెళ్ళిపోతారు. దగ్గర నిలబడి చూడండి.

వైరింగ్ కూడా సీలింగ్‌కు ముందే. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల తీగ. టీవీ వెనక నుంచి కింది చెక్క డబ్బాదాకా గోడలో రెండంగుళాల పీవీసీ పైపు పెట్టించండి. సన్న పైపు వంపులో హెచ్‌డీఎంఐ తీగ కొన ఇరుక్కుంటుంది, రేపు తీగ మార్చాలంటే గోడ పగలాల్సిందే. టీవీ మధ్యభాగం నేలనుంచి 40-42 అంగుళాల ఎత్తులో ఉండాలి. సీలింగ్ అంచుకు తగిలించినట్టు పైన పెడితే సినిమా అయ్యేసరికి మెడ పట్టేస్తుంది.

సీలింగ్ మీద ఎక్కువ ఫోన్లు ఒక్క విషయానికే: బోర్డులు కలిసే కీళ్ళ దగ్గర వచ్చే గీతలు. కారణాలు రెండు. ఫ్రేమును తుపాకీ మేకులతో శ్లాబుకు కొట్టేస్తే ఏడాది తిరిగేసరికి సడలుతుంది. మేం యాంకర్ ఫాస్టెనర్లే (రంధ్రంలో బిగుసుకునే బోల్టులే) వాడతాం. సెక్షన్లు, అంటే బోర్డు బిగించే ఇనుప పట్టీలు 18 అంగుళాలకొకటి రావాలి. రెండోది కీలు పని. ముందు కాంపౌండు నింపి, పేపర్ టేపు బుడగ లేకుండా నొక్కాలి. అది ఆరాక ఆరంగుళాల వెడల్పున రెండో పూత, అదీ ఆరాక అడుగు వెడల్పున మూడోది. మూడు పూతలూ ఒకే రోజు వేస్తే ఎండాకాలానికి గీత తప్పదు. ఒక సలహా: మన హాళ్ళు ఎక్కువగా పదడుగుల ఎత్తువి. మొత్తం దించకుండా చుట్టూ అంచు మాత్రమే చేయించుకుని మధ్యలో శ్లాబు వదిలేయండి, ఫ్యాన్ గాలి బాగుంటుంది. ఫ్యాన్‌ను ఎప్పుడైనా శ్లాబు హుక్కుకే వేలాడదీయాలి. రెక్కలకు, సీలింగ్‌కు మధ్య అడుగు ఖాళీ ఉండాలి, లేకుంటే గాలి కిందికి రాదు.

చెక్క ధర గురించి సూటిగా చెప్తాం. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ ఏసీకి, పెద్ద టీవీకి, సిమెంటుకు 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ప్లైవుడ్‌కు, పెయింటుకు మాత్రం అప్పుడూ 18, ఇప్పుడూ 18. కాబట్టి ఆ పేరుతో చెక్కపని ధర తగ్గించలేం. నేలకు దగ్గరుండే డబ్బాలకు ఐఎస్ 710 ప్లై (నీటిని ఎక్కువ తట్టుకునే రకం), పైవాటికి ఐఎస్ 303 బీడబ్ల్యూఆర్ (అంతకంటే కొంచెం తక్కువ తట్టుకునే రకం) ఎస్టిమేట్‌లో రాస్తున్నాం. షీటు మీద ముద్ర చూసుకున్నాకే కోతకు ఒప్పుకోండి. తలుపుకు బయట ఒక మిల్లీమీటరు లామినేట్ వేస్తే లోపలా లామినేట్ వేయాలి. ఒకవైపే వేస్తే ఆ తలుపు వంగుతుంది. ఎస్టిమేట్ తీసుకునేటప్పుడు కొలత ఎదురు వైశాల్యం (ముందు నుంచి కనబడే పొడవు, ఎత్తు) మీదనా, లోపలి షీట్లు కలిపా అని అడగండి. ఇద్దరి రేట్లు పోల్చేటప్పుడు తేడా ఇక్కడే వస్తుంది.

కూర్చోవడానికి: సోఫాకు, టీపాయ్‌కి మధ్య 16-18 అంగుళాలు, నడిచే దారికి మూడడుగులు. దావత్‌లకు, బతుకమ్మకు ఇల్లు నిండే కుటుంబాలు భారీ సోఫా సెట్టు కంటే గోడవెంట 17 అంగుళాల ఎత్తు దివాన్ చేయించుకోవడం మేలు. కింద సామాను పడుతుంది, నడుమ చాపలు పరుచుకోవచ్చు. కూర్చునే ఫోమ్ 40 డెన్సిటీ ఉండాలి, తక్కువదైతే త్వరగా గుంతపడుతుంది. పాత బండల మీద టైల్స్ వేయాలనుకుంటే నేల ముప్పావు అంగుళం దాకా లేస్తుంది, దర్వాజ తలుపు కింద కోయాల్సి వస్తుంది. షాబాద్, తాండూరు బండలు గట్టిగా ఉంటే పాలిష్ పట్టించుకోండి, చవకగా అయిపోతుంది.

దసరాకు కావాలంటే లెక్క ఇది: గిలాబు మార్చాల్సిన గోడకు 35 రోజులు, ఆపైన చెక్కపనికి, సీలింగ్‌కు దాదాపు 25. అంటే శ్రావణం మొదటివారానికి మా చేతికి రావాలి. ఆ తర్వాత వచ్చేవాటిలో పొడి గోడలున్న ఇండ్లకే దసరా మాటిస్తాం, మిగతావి దీపావళి తర్వాత. కొలతలకు వచ్చేముందు డాబా తూములు శుభ్రం చేయించి, నీళ్ళు నింపే రోజు మాకు చెప్పండి. 48 గంటలు గడిచే సమయానికి మా మనిషి వచ్చి చూస్తాడు.