ఆరోగ్య మంత్రి గారికి: మేం అడిగింది రక్తపరీక్ష, మీవాళ్ళు పంపింది పొగ బండి

మంత్రి గారికి నమస్కారమండి.

తమిళంలో మూడు అర్జీలు పెట్టాను, ఇంక ఓపిక లేక తెలుగులో రాస్తున్నా, మీరు చదవకపోయినా ఈ చెన్నైలో మావాళ్ళెవరైనా చదువుతారు కదా అని. మొదటి అర్జీకి జవాబు లేదు. రెండోదానికి నాలుగు రోజుల్లో మా వీధికి దోమల మందు కొట్టే పొగ బండి వచ్చింది. మూడోదానికి "మీ పిటిషన్ పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో నాకైతే తెలీదు. మలేరియా వచ్చి తగ్గిన పిల్లలకి ఒకసారి హిమోగ్లోబిన్ చూడండి, పొట్ట మీద చెయ్యి పెట్టి బల్ల, అంటే ప్లీహం, పెరిగిందో లేదో చూడండి అని నేను రాస్తే దానికి పొగేంటండీ అసలు.

నేను తండయార్‌పేటలో ఒక చిన్న లాబ్‌లో టెక్నీషియన్‌ని. ఇరవై ఏళ్ళుగా మలేరియా స్లైడులు చూస్తున్నా. మా చెల్లి కొడుక్కి నాలుగేళ్ళు, బావ బిల్డింగ్ పనికి పోతాడు, సైట్ లోనే రేకుల షెడ్డు. పిల్లాడికి జ్వరం వస్తే వైవాక్స్ రకం మలేరియా అని తేలింది, క్లోరోక్విన్ ఇచ్చారు, మలేరియా మళ్ళీ తిరగబెట్టకుండా 14 రోజుల ప్రిమాక్విన్ చేతిలో పెట్టారు, జ్వరం పోయింది, కార్డు మీద టిక్కు పడింది, కేసు క్లోజ్. అంతవరకు బాగానే చేశారు, నేను కాదనను.

మూడు వారాల తర్వాత పిల్లాడు మెట్లు ఎక్కడం మానేశాడు. మధ్యాహ్నం పడుకుంటే సాయంత్రం దాకా లేవడు. చెల్లి వాడిని తీసుకుని మళ్ళీ వెళ్తే "జ్వరం లేదు కదమ్మా" అని ఐరన్ సిరప్ ఇచ్చి పంపేశారు. ఊరి నుంచి మా అమ్మ వచ్చింది, సోంపేట దగ్గర, చదువు లేదు, పిల్లాడిని ఒళ్ళో పడుకోబెట్టి ఎడమ పక్కటెముకల కింద వేళ్ళు పెట్టి "వీడికి బల్ల పెరిగింది రా" అంది. నేను ఆ రాత్రే రక్తం తీసి చూశా, హిమోగ్లోబిన్ 6.4. అయిదేళ్ళ లోపు పిల్లలకి 7 కంటే తగ్గితే తీవ్రమైన రక్తహీనత అని మీ రక్తహీనత పథకం అనీమియా ముక్త్ భారత్ చార్టుల్లోనే ఉంది, మీకు నేను చెప్పక్కర్లేదు.

బల్ల అంటే ప్లీహమే, మీ తమిళంలో మణ్ణీరల్. అదేం చెడ్డది కాదండి పాపం, దాని పని అది చేస్తుంది. ఎర్ర కణాలన్నీ దాని సన్నటి సందుల్లోంచి నలిగి దూరి బయటికి రావాలి, బిగుసుకుపోయిన కణం ఏదైనా అక్కడే ఆగిపోతుంది. మలేరియా వచ్చినప్పుడు పురుగు పట్టిన కణాలే కాదు, బాగున్న కణాలు కూడా బిగుసుకుంటాయి, వాటినీ పట్టేస్తుంది. లెక్కలు కట్టినవాళ్ళు చెప్పేది ఫాల్సిపారం అనే ఇంకో రకం మలేరియాలో ఒక్క పురుగు కణానికి సుమారు 8 మంచి కణాలు పోతాయని, వైవాక్స్‌లో అయితే సుమారు 34 అని. మన లోకల్ ట్రైన్‌లో టికెట్ లేనివాడు ఒకడు దొరికాడని వాడితో పాటు టికెట్ ఉన్న ముప్ఫై నలుగురినీ దించేసినట్టు. పైగా మందు వేసి జ్వరం పోయాక కూడా కొన్నాళ్ళు ఈ దించేయడం ఆగదు. చిన్నపిల్లల్లో ఈ చెకింగ్ ఇంకా గట్టిగా ఉంటుందని, అందుకే వాళ్ళకి రక్తం అంతలా పడిపోతుందని ఫాల్సిపారం మీద పనిచేసిన పరిశోధకులు అంటున్నారు. మరి మీ కార్డులో జ్వరానికి గడి ఉంది, స్లైడ్‌కి గడి ఉంది, పొట్టకి గడి ఏదండీ?

ఐరన్ సిరప్ సంగతి కూడా చెప్తా. ఒంట్లో ఇన్ఫెక్షన్ వేడి ఉన్నన్నాళ్ళు హెప్సిడిన్ అనే హార్మోన్ పేగుల్లో ఐరన్‌కి తలుపేస్తుంది, సీసాలు తాగించినా సరిగ్గా ఎక్కదు. ప్రిమాక్విన్ అయితే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకి అదే రక్తాన్ని విరగ్గొడుతుంది. ఎటు చూసినా రక్తం ఒకసారి చూడాల్సిందే కదా, ఇంత చిన్న విషయానికి మూడు అర్జీలా?

నా బాధ ఇంకోటి ఉంది. 2021లో ఇండోనేషియా పాపువాలో వేరే కారణాలకి ప్లీహం తీసేయించుకున్నవాళ్ళ మీద చేసిన స్టడీ వచ్చింది. జ్వరమే లేకుండా తిరుగుతున్నవాళ్ళలో వైవాక్స్ పురుగు 98 శాతం పైగా ఆ ప్లీహంలోనే ఉందట, తిరిగే రక్తంలో మిగిలింది కొంచెమే. అది చదివిన రోజు నాకు అన్నం దిగలేదు. ఇరవై ఏళ్ళలో నేను నెగటివ్ అని సంతకం పెట్టిన స్లైడులు ఎన్ని, వాటిలో ఎందరి బల్లలో పురుగు దాక్కుందో. నా సంతకం నేను వెనక్కి తీసుకోలేను, మీరైతే ఒక సర్క్యులర్ ఇవ్వగలరు.

1840ల్లోనే డెంప్‌స్టర్ అనే డాక్టరు ఉత్తరాది కాలవల పక్క ఊళ్ళల్లో పిల్లల పొట్టలు తడిమి, ఎందరికి బల్ల ఉందో లెక్క వేసి, ఏ ఊళ్ళో మలేరియా ఎంతుందో చెప్పేవాడు. అప్పటికి పురుగు పేరే ఎవరికీ తెలీదు. చెయ్యి ఒక్కటే మిషను. మా అమ్మ చేసిందీ అదే. ఇప్పుడు మీ దగ్గర కిట్లున్నాయి, యాప్‌లున్నాయి, 2027కి లోకల్ కేసులు సున్నా, 2030కి మలేరియా నిర్మూలన అని పోస్టర్లున్నాయి, చెయ్యి పెట్టేవాళ్ళే లేరు.

ప్లీజ్ సార్. మలేరియా వచ్చిన ప్రతి పిల్లాడికి వారానికోసారి, నెల దాకా, వేలికి ఒక గుచ్చు, పొట్ట మీద ఒక చెయ్యి. సైట్ల షెడ్లలో ఉండేవాళ్ళు రాలేరు, కూలి పోతుంది, మీవాళ్ళే వెళ్ళాలి. నీళ్ళ ట్యాంకులు చూడటానికి ఎలాగూ వస్తున్నారు కదా, మలేరియా దోమ ట్యాంకుల్లో కూడా పెరుగుతుంది కాబట్టి రావాలి కూడా, వచ్చినప్పుడు పక్కనే పడుకున్న పిల్లాడిని కూడా ఒక్క నిమిషం చూడమనండి.

పిల్లాడికి ఒక బాటిల్ రక్తం ఎక్కించారు, కొంచెం తేరుకున్నాడు. గురువారం మళ్ళీ సీబీసీ రక్తపరీక్ష. ఆ రిపోర్టు పిన్ను కొట్టి నాలుగో అర్జీ పంపిస్తున్నా. దయచేసి పొగ బండి మాత్రం పంపకండి, పిల్లాడికి దగ్గు కూడా మొదలైంది.

ఇట్లు,
తండయార్‌పేట నుంచి ఒక మేనమామ