కారు ఖరారు కాకముందే బయానా ఎందుకు?

సంపాదకులకు,

బ్రిటిష్ కంపెనీ జాగ్వార్ చేసిన సూపర్‌కారు ఎక్స్‌జే220 గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా ఉంది. కానీ అందులో వేగం సంగతి చెప్పినంతగా, ఆ కారును నమ్మి డబ్బు కట్టినవాళ్ల సంగతి చెప్పలేదు. మనకు పనికొచ్చేది అదే.

జాగ్వార్ ఇంజనీరింగ్ విభాగాన్ని నడిపిన జిమ్ రాండిల్ 1987 క్రిస్మస్ సెలవుల్లో అట్టముక్కలతో దీని నమూనా చేశారు. గ్రూప్ బి అనే విభాగపు కారు పందేలకు సరిపోయే కారు చేయాలన్నది ఆయన కోరిక. పది పన్నెండు మంది ఇంజనీర్లు సాయంత్రాలు, శనివారాలు జీతం తీసుకోకుండా పనిచేశారు. అందుకే వాళ్లకు ‘సాటర్‌డే క్లబ్’ అనే పేరు వచ్చింది. 1988 అక్టోబరులో బర్మింగ్‌హామ్ మోటార్ షోలో జనం చూసిన కారుకు 6.2 లీటర్ల, 12 సిలిండర్ల వి12 ఇంజను, నాలుగు చక్రాలకూ శక్తి, పైకి లేచే తలుపులు ఉన్నాయి. కంపెనీ 350 వరకు తయారు చేస్తామంటే, 50,000 పౌండ్ల బయానాతో దాదాపు 1,500 మంది ఎగబడ్డారు.

1992లో రోడ్డెక్కిన కారులో ఉన్నది 3.5 లీటర్ల, ఆరు సిలిండర్ల ట్విన్ టర్బో వి6 ఇంజను. శక్తి వెనుక చక్రాలకే. తలుపులు మామూలువి. మెకానికల్ ఇంజనీరుగా నేను ఆ ఇంజనును తప్పుపట్టను. మెట్రో 6ఆర్4 ర్యాలీ కారు ఇంజను నుంచి పుట్టిన ఆ వి6 బరువు తక్కువ, ఉద్గార నిబంధనలకు తేలిగ్గా లొంగింది, 542 హార్స్‌పవర్ ఇచ్చింది. ఇటలీలోని నార్డో ట్రాక్‌పై రేసింగ్ డ్రైవర్ మార్టిన్ బ్రండిల్ ఈ కారును గంటకు 349 కిలోమీటర్ల వేగానికి తీసుకెళ్లారు. పొగలోని కాలుష్యాన్ని తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్లు తీసేశాకే లెండి! అయినా పేరులోని 220, అంటే గంటకు 220 మైళ్ల (దాదాపు 354 కిలోమీటర్ల) వేగం అందలేదు.

ఇంజను గొప్పదే. కొనేవాడు మనసుపడింది దాని మీదేనా? ఈలోగా మాంద్యం వచ్చింది, ధర 4,70,000 పౌండ్లకు చేరింది. చూపింది ఒకటి, ఇస్తున్నది మరొకటి అంటూ కొందరు కోర్టుకెక్కారు. కొందరు ఎదురు డబ్బు కట్టి ఒప్పందం నుంచి బయటపడ్డారు. కారు రాగానే లాభానికి అమ్ముకుందామని బుక్ చేసినవాళ్లూ వారిలో ఉన్నారు, వాళ్ల మీద నాకు జాలి లేదు. చివరికి తయారైనవి 300 కూడా దాటలేదు.

కోటీశ్వరుల గొడవ మనకెందుకు అనుకోవద్దు. తెర తీసిన రోజే బుకింగులు తెరిచే అలవాటు మన దేశంలోనూ ఉంది. ఇక్కడ కట్టేది కోట్లు కాదు, నెలజీతం. ఫ్లాటు కొనేవారికి 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) కొంత అండ ఇచ్చింది. ప్రకటననో మోడల్ ఫ్లాటునో చూసి బయానా కట్టి, అందులో చెప్పింది అబద్ధమని తేలి నష్టపోతే, వడ్డీతో సహా మొత్తం వెనక్కి తీసుకోవచ్చని 12వ సెక్షన్ చెబుతోంది. మోటార్ షోలో తిరిగే వేదికపై నిలబెట్టే కారు మోడల్ ఫ్లాటు కాక మరేమిటి?

బుకింగు తీసుకునే ముందే ఇంజను లేదా బ్యాటరీ వివరాలు, ధర, అందించే గడువు కాగితం మీద పెట్టాలి. వాటిలో ఏది మారినా, క్యాన్సిలేషన్ ఛార్జీల పేరిట కోత పెట్టకుండా వడ్డీతో తిరిగివ్వాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వాహనాలకు ఈ నిబంధన తెచ్చేలా మీ పత్రిక పట్టుబట్టాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఇంజనీరు, విశాఖపట్నం