మేడారం నుంచి వచ్చిన మూడు చీరల సంగతి

అక్కలకు, అన్నలకు నమస్తే. మేడారం జాతర అయినాక హనుమకొండలో మా డ్రైక్లీనింగ్ షాపుకు వచ్చిన పట్టుచీరల్లో మూడింటికి, మేం ఇస్త్రీ చేసి కవర్లో పెట్టి ఇచ్చాక, కుచ్చిళ్ల దగ్గర గోధుమరంగు మచ్చలు తేలాయి. చీరలు మాకు ఇచ్చినప్పుడు ఆ మచ్చలు లేవని మీరన్నది నిజమే, అప్పుడు కంటికి కనబడలేదు. తప్పు మాదే.

ఆ మచ్చ బంగారానిది, అదే, అమ్మవార్లకు ఇచ్చే బెల్లం. గద్దెల దగ్గర తడి బెల్లం చీరకు తగిలితే ఆరాక మరక తెలియదు గానీ చక్కెర పోగులోనే ఉంటుంది. మా మెషీన్లో తిరిగేది పర్‌క్లోరోఎథిలీన్ అనే ద్రావణి, మేం పర్క్ అంటాం. నూనె, నెయ్యి, గ్రీజు అందులో ఇట్టే కరుగుతాయి. చక్కెర కరగదు, దానికి నీళ్లే కావాలి. నమ్మకం లేకపోతే ఇంట్లో చిన్న బెల్లం ముక్క నూనెలో వేసి చూడండి, పొద్దుగూకేదాకా అట్లనే ఉంటుంది. అలా మిగిలిపోయిన బెల్లం ఇస్త్రీ వేడికి పాకం మాడినట్టు మాడింది. ముందే ఆ చోట తడిబట్టతో అద్దాల్సింది, జాతర రష్‌లో చూడలేదు, అడగలేదు.

"మరి నీళ్లలోనే ఉతకొచ్చు కదా" అని ఒక అక్క అడిగింది. పట్టు నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, కొన్ని రంగులు వదులుతాయి. పర్క్‌తో ఆ టెన్షన్ తక్కువ, పైగా దానికి నిప్పు అంటుకోదు, 121 డిగ్రీల దగ్గర ఆవిరి చేసి చల్లార్చి మళ్లీ వాడుకుంటాం. మంచి మందేమీ కాదులెండి, క్యాన్సర్ అనుమానం ఉంది, అమెరికాలో డ్రైక్లీనింగ్ నుంచి 10 ఏళ్లలో దాన్ని తీసెయ్యాలని 2024 డిసెంబరులో రూలు పెట్టారు. కవరు తీయగానే ఘాటు వాసన కొడితే బీరువాలో పెట్టకండి, మాకే తెచ్చివ్వండి, మళ్లీ ఆరబెడతాం.

పసుపు మరకకు మాత్రం ఇంట్లో సబ్బు రుద్దకండి, ఎర్రగా మారి మాకు రెండింతల పని.

మూడు చీరల డబ్బులు వాపసు ఇచ్చాం. రెండింటికి మచ్చ చాలావరకు పోయింది, మూడోది పోలేదు, ఆ అక్కతో మాట్లాడుతున్నాం. ఇకనుంచి బిల్లు రాసేటప్పుడు ఏం ఒలికిందని అడుగుతాం, విసుక్కోకండి. సిల్కు చొక్కా మీద కల్లు పడ్డా చెప్పండి అన్నా, అందులోనూ చక్కెర ఉంటుంది. ఇంట్లో చెప్పం.